రహీం సాబ్ ఇచ్చిన రోజుకో రూపాయి

ఈ సంచికకి ఎవరైనా గొప్పవాళ్ళ జీవితం రాయమని మన క్లబ్బు వాళ్ళు చెప్పగానే అందరూ కవుల్నీ శాస్త్రవేత్తల్నీ పంచేసుకున్నారు. నేను గ్రూపులో మెసేజ్ చూసేసరికి మంచి పేర్లన్నీ అయిపోయాయి. అయినా నాకు తెలిసింది ఫుట్‌బాల్ ఒక్కటే. పైగా ఈ ఏడాది ఇంటర్ కాలేజీ సెమీఫైనల్లో మన టీము ఓడిపోవడానికి కారణం నేనే. ఆ రోజు గ్రౌండుకి వచ్చినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. రానివాళ్ళ కోసం చెప్తాను, ఎందుకంటే ఈ వ్యాసం అక్కడే పుట్టింది.

స్కోరు 1-1. ఇంకా పది నిమిషాలుంది. కుడి వైపు నుంచి మనవాడు కొట్టిన బంతి గోల్‌కీపర్ని దాటుకుని సరిగ్గా నా ఎడమ కాలి ముందుకొచ్చింది. ఎదురుగా గోలు ఖాళీ. ఎడమ కాలితో అలా తోసేస్తే చాలు. నేను బంతిని కుడి కాలి మీదకి మార్చుకున్నాను. మార్చుకోడానికి పట్టింది ఒక్క సెకను. ఆ సెకనులో వాళ్ళ డిఫెండరు జారుకుంటూ వచ్చి బంతి లాగేశాడు. అదే బంతి మూడు నాలుగు పాసుల్లో అటు వెళ్ళి మన గోల్లో పడింది. 2-1.

మాది కవిటి వైపు, ఉద్దానం. చిన్నప్పుడు మేం ఆడింది కొబ్బరి చెట్ల కింద, ఇసకలో. 2018లో తిత్లీ తుఫాను చెట్లన్నిట్నీ పడగొట్టేశాక, మొదళ్ళు పీకేసిన జాగా మాకు గ్రౌండయింది. తోట పోయిందని పెద్దోళ్ళు ఏడుస్తుంటే గుంటలం మేం అక్కడే గోలుకి రెండు కొబ్బరి మట్టలు పాతుకుని ఆడుకున్నాం. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గుగా ఉంటుంది గానీ అప్పుడు పన్నెండేళ్ళు. చెప్పొచ్చేదేంటంటే, ఇన్నేళ్ళలో ఎడమ కాలితో కొట్టమని నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ కొట్టలేదు. ఇసకలో కుడి కాలుకి బలం వచ్చింది, ఎడమ కాలు నిలబడ్డానికి మాత్రమే పనికొచ్చింది.

మర్నాడు ప్రాక్టీసులో మా పీడీ సారు తిడతారనుకున్నాను. తిట్టలేదు. హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం అని ఒక డ్రిల్లు మాస్టారుండేవారు, ఆయన గురించి ఏమైనా తెలుసా అని అడిగారు. మైదాన్ సినిమా చూశానండీ అన్నాను. సినిమా కాదు, ఆయన స్కూలు పిల్లల చేత ఏం చేయించారో చదువు అన్నారు. చదివాను. చదువుతున్నంతసేపూ నా ఎడమ కాలు నాకు గుర్తొస్తూనే ఉంది.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. నిజాం ఏలుబడి కాలం. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకున్నారు. అక్కడ కుర్రాళ్ళ టీముకి ఇలెవన్ హంటర్స్ అని పేరు, అందులో ఆడారు. చదువయ్యాక బడిపంతులు ఉద్యోగం. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు, ఇలా ఒక్కో చోటా పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆటల బాధ్యత తీసుకున్నారు. ఖమర్ క్లబ్ తరఫున లోకల్ లీగులో ఆడేవారు. ఆటగాడిగా ఆయన దేశమంతా మోగిపోయిన పేరేం కాదు. ఆయన ప్రతిభంతా వేరేవాళ్ళ ఆటని చూడ్డంలో ఉంది. ఎవడి అడుగు ఎక్కడ తడబడుతోంది, ఎవడు బంతి రాకముందే తలెత్తి చూస్తున్నాడు, ఇలాంటివి.

1940ల్లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కి కార్యదర్శి అయ్యారు. సాధారణంగా ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఏం చేస్తారు? టోర్నమెంట్లు పెడతారు, కప్పులిస్తారు, ఫోటోలు దిగుతారు. ఈయన కూడా టోర్నమెంట్లే పెట్టారు. కాకపోతే ఆ టోర్నమెంట్ల రూల్సు వింటే ఇవేం ఆటలురా బాబూ అనిపిస్తుంది.

ఒక పోటీలో డ్రిబ్లింగ్ చెయ్యకూడదు. బంతి కాలికి తగలగానే ఇంకొకడికి ఇచ్చెయ్యాలి. మన దేశంలో అప్పుడూ ఇప్పుడూ కూడా కాస్త ఆట వచ్చిన ప్రతివాడికీ ఉండే జబ్బు ఏంటంటే, బంతి దొరికితే ముగ్గుర్ని తప్పించి చప్పట్లు కొట్టించుకోవాలని. ఆ చప్పట్లు ఈ పోటీలో దొరకవు. ఎలాగూ వెంటనే ఇచ్చెయ్యాలి కాబట్టి బంతి మన దగ్గరికి వస్తుండగానే ఎవడు ఖాళీగా ఉన్నాడో చూసుకోవాలి. మిగతావాళ్ళు కూడా నిలబడి చూడ్డానికి లేదు, పాసు అందుకునే చోటికి ముందే పరుగెత్తాలి. పాస్ ఇవ్వండి, ఖాళీలోకి కదలండి అని వందసార్లు గొంతు చించుకునే బదులు, అవి చెయ్యకపోతే ఆటే నడవని రూలు ఒకటి పెట్టారాయన. మన ల్యాబుల్లో చెప్తారు చూడండి, యూజరు తప్పు చెయ్యలేకుండా సిస్టమ్ డిజైన్ చెయ్యమని, అదే.

ఇంకో పోటీ చూసి నేను కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. అందులో బలం లేని కాలితోనే ఆడాలి. కుడి కాలివాటం వాడు ఎడమ కాలితో, ఎడమ కాలివాటం వాడు కుడి కాలితో. ఊహించుకోండి, రెండు వైపులా పదకొండు మంది పడుతూ లేస్తూ, బంతి ఒకవైపు కొడితే ఇంకోవైపు పోతూ, చూసేవాళ్ళు పగలబడి నవ్వుతూ. అందరూ ఒకేలా తడబడుతుంటే ఎవడికీ పరువు సమస్య లేదు కదా. నాలాంటివాడు ఎడమ కాలు వాడకపోవడానికి అసలు కారణం రాదని కాదు, అందరి ముందూ తప్పుగా కొడితే నవ్వుతారని. అందరూ తప్పుగా కొట్టే చోట ఆ భయం పోతుంది. ఒక సీజను అలా ఆడినవాడికి పెద్ద మ్యాచ్‌లో బంతి ఏ కాలికి వచ్చినా మార్చుకునే పని ఉండదు. ఆ మార్చుకునే సెకను విలువ ఎంతో నాకు బాగా తెలుసు.

1950లో రహీం హైదరాబాద్ సిటీ పోలీస్ టీముకి కోచ్ అయ్యారు. అప్పట్లో దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్. వాళ్ళ ముందు దక్కనులో ఒక పోలీసు టీము ఎవరికి లెక్క? ఆ పోలీసు టీము బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పుని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు సార్లు ఎత్తుకొచ్చింది. ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు కూడా ఆయన ఉండగా నాలుగు సార్లు గెలిచారు. 1956-57, 57-58 సంవత్సరాల్లో హైదరాబాద్ రాష్ట్ర జట్టు సంతోష్ ట్రోఫీ వరసగా రెండు సార్లు గెలిచింది. ఆ జట్టు నిండా పోలీసు టీము నీడే. రహీం చనిపోయేదాకా సిటీ పోలీస్‌కే కోచ్‌గా ఉన్నారు. ఈ టీమునీ భారత జట్టునీ రెండింటినీ పక్కపక్కనే నడిపారు.

భారత జట్టు బాధ్యత కూడా 1950లోనే మొదలైంది. 1951 మార్చిలో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు. శైలేన్ మన్నా కెప్టెన్. ఫైనల్లో ఇరాన్ మీద మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోలుతో మనకి బంగారు పతకం వచ్చింది. మనవాళ్ళు వట్టి కాళ్ళతో ఆడి గెలిచారు.

ఆ మరుసటి ఏడాదే హెల్సింకీ ఒలింపిక్స్. ఫిన్లాండ్ చలి. యుగోస్లావియా మీద మ్యాచ్. మనవాళ్ళలో చాలామంది ఇక్కడ కూడా బూట్లు లేకుండానే దిగారు. ఫలితం 10-1. మన ఒక్క గోలూ అహ్మద్ ఖాన్ కొట్టాడు. ఏడాది కిందట ఆసియా ఛాంపియన్లు! దీని తర్వాతే అంతర్జాతీయ మ్యాచుల్లో మన ఆటగాళ్ళకి బూట్లు తప్పనిసరి చేశారు.

ఇక్కడ ఒక మాట. బూట్లు వేసుకుంటే సరిపోద్దిలే అని అనుకుంటాం. ఫస్టియర్లో మొదటిసారి స్టడ్స్ ఉన్న బూట్లు వేసుకున్నప్పుడు నాకు బంతి ఎక్కడుందో కాలికి తెలియలేదు. ఇసకలో వట్టి పాదంతో పెరిగినవాడికి బూటు అంటే కాలికి గుడ్డ చుట్టినట్టు ఉంటుంది. పరుగు వేరు, తిరగడం వేరు, బంతి ఆపడం వేరు. ఒక తరం మొత్తం ఆటగాళ్ళకి ఆ మార్పు నేర్పాల్సిన పని రహీం మీద పడింది. దాంతోపాటు ఇంకో చిక్కు. మన దేశంలో అప్పటి పోటీ మ్యాచులు తొంభై నిమిషాలుండేవి కావు, ఇంకా తక్కువ. బయటి దేశాల్లో చివరి ఇరవై నిమిషాల్లో మనవాళ్ళు గాలి తీసిన ట్యూబులా అయిపోయేవారు.

హెల్సింకీలో స్వర్ణం గెలిచింది హంగరీ. ఆ టీము సెంటర్ ఫార్వర్డ్‌ని గోలు ముందు నిలబెట్టకుండా కాస్త వెనక్కి లాగి ఆడించేది. ఎదుటి డిఫెండరు వాడి వెంట ముందుకెళ్తే వెనక ఖాళీ, వెళ్ళకపోతే వాడు తీరిగ్గా పాసులిస్తాడు. రహీం ఆ ఎత్తు పట్టుకున్నారు. దాన్ని మనవాళ్ళకి సరిపోయేట్టు మార్చి, వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు ఉండే పద్ధతికి తీసుకొచ్చారు. 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్ గెలిచాక ఈ 4-2-4 లోకమంతా తెలిసింది. రహీం దాన్ని అంతకు ముందే ఆడించారని మన ఫుట్‌బాల్ చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. అయితే పద్ధతి కాగితం మీద ఎవడైనా గీస్తాడు. వెనక్కి వచ్చిన ఫార్వర్డ్ బంతిని అట్టే పెట్టుకుంటే ఆ ఎత్తు అక్కడే చచ్చిపోతుంది. ఒక్క టచ్‌లో ఇచ్చేవాళ్ళు కావాలి. అలాంటివాళ్ళని ఆయన పదేళ్ళ ముందు నుంచీ డ్రిబ్లింగ్ లేని పోటీల్లో తయారు చేసుకుంటూ వచ్చారు.

ఇప్పుడు రూపాయి సంగతి.

తులసీదాస్ బలరాం అని సికింద్రాబాద్ అవతల అమ్ముగూడలో ఒక కుర్రాడు. తమిళ కుటుంబం, చాలా పేదరికం. ఆడ్డానికి బూట్లు లేకపోతే పోలీసులు వాడి పడేసిన పాత బూట్లని చెప్పులు కుట్టేవాడి చేత ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకున్నాడు. సికింద్రాబాద్‌లో ఏదో లీగు మ్యాచ్‌లో రహీం కంట్లో పడ్డాడు. హైదరాబాద్ జట్టు సెలెక్షన్‌కి ప్రాక్టీసుకి రమ్మన్నారు. ప్రాక్టీసు జరిగేది హైదరాబాదు నడిబొడ్డున. అమ్ముగూడ నుంచి సుమారు పదిహేను కిలోమీటర్లు. రోజూ రాను పోను డబ్బులు నా దగ్గర లేవు, రాలేను అని చెప్పేశాడు ఆ కుర్రాడు.

ఇక్కడితో అయిపోవాల్సిన కథ ఇది. మన దగ్గర ఎన్ని ఇక్కడితో అయిపోయాయో. కుర్రాడు బాగా ఆడతాడు గానీ పాపం రాలేకపోయాడు అని కోచ్ నాలుగు రోజులు చెప్పుకుంటాడు, తర్వాత ఇంకొకణ్ణి చూసుకుంటాడు. రహీం సైకిలు అద్దెకి తీసుకోమని రోజుకో రూపాయి ఇచ్చారు. బలరాం ఆ అద్దె సైకిలు తొక్కుకుంటూ వచ్చి ప్రాక్టీసు చేసి మళ్ళీ తొక్కుకుంటూ వెళ్ళేవాడు. 1956లో హైదరాబాద్‌కి ఆడాడు, అదే ఏడాది చివర మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్ళాడు. ఆ తర్వాత కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ తీసుకుపోయింది. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం అని ముగ్గురి పేర్లూ కలిపే చెప్పుకునే రోజులొచ్చాయి. బలరాం 2023 ఫిబ్రవరిలో చనిపోయారు. ముసలితనంలో కూడా ఆ సైకిలు రూపాయి సంగతి చెప్పుకునేవారు.

మెల్‌బోర్న్ సంగతి. మొదటి రౌండులో హంగరీ రాలేదు కాబట్టి నేరుగా క్వార్టర్ ఫైనల్, ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియా మీద. 1956 డిసెంబరు 1. నెవిల్ డిసౌజా మూడు గోల్సు కొట్టాడు, ఒలింపిక్స్‌లో ఒక ఆసియా ఆటగాడి మొదటి హ్యాట్రిక్ అది. 4-2తో గెలిచి సెమీఫైనల్‌కి వెళ్ళాం. ఆసియా నుంచి ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్ చేరిన మొదటి జట్టు మనదే. సెమీస్‌లో ఎదురుపడింది ఎవరనుకున్నారు? నాలుగేళ్ళ కిందట పది గోల్సు కొట్టిన యుగోస్లావియాయే. రెండో సగంలో ముందుగా గోలు కొట్టింది మనం. తర్వాత వాళ్ళు నాలుగు కొట్టారు. కాంస్య పతకం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానం. 10-1 నుంచి 4-1కి రావడం గొప్పే గానీ, ఆధిక్యం వచ్చాక నిలబెట్టుకోలేకపోవడం ఆయన్ని ఎంత తినేసి ఉంటుందో నేను ఊహించగలను. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం, ఇలా రహీం చేతుల మీదుగా వచ్చిన హైదరాబాదీలు ఎంతమందో.

1960 రోమ్. కష్టమైన గ్రూపు. హంగరీతో 2-1తో ఓడిపోయాం, పెరూతో 3-1తో ఓడిపోయాం, మధ్యలో ఫ్రాన్స్‌తో 1-1. ఆ ఫ్రాన్స్ మ్యాచ్‌లో 71వ నిమిషంలో కెప్టెన్ పీకే బెనర్జీ గోలు కొడితే 82వ నిమిషంలో వాళ్ళు సమం చేశారు. ఎనిమిది నిమిషాలు ఆగుంటే ఫ్రాన్స్ మీద గెలిచినవాళ్ళం. రహీం కొడుకు హకీం కూడా ఆ జట్టులో ఉన్నాడు, కానీ ఒక్క మ్యాచ్ కూడా ఆడే అవకాశం రాలేదు. కోచ్ కన్నతండ్రి! మన ఊళ్ళల్లో అయితే అసలు టీము పేరే మారిపోయేది. హకీం తర్వాత అంతర్జాతీయ రిఫరీ అయ్యారు, అది వేరే కథ.

1962 నాటికి రహీంకి ఊపిరితిత్తుల క్యాన్సర్. ఆ ఒంటితోనే జట్టుని జకార్తా ఆసియా క్రీడలకి తీసుకెళ్ళారు. చునీ గోస్వామి కెప్టెన్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. రెండో మ్యాచ్ థాయ్‌లాండ్‌తో 4-1. గెలిచారు గానీ డిఫెన్స్‌కి గోడలా ఉండే జర్నైల్ సింగ్ తల పగిలింది, ఆరు కుట్లు పడ్డాయి. జపాన్ మీద 2-0తో గెలిచి సెమీఫైనల్ చేరారు.

తల పగిలిన డిఫెండర్‌ని ఏం చేస్తాం? పక్కన కూర్చోబెడతాం. లేదా కట్టు కట్టి మళ్ళీ డిఫెన్స్‌లోనే పెట్టి, హెడ్డింగు చెయ్యొద్దురా అని చెప్తాం. రహీం జర్నైల్‌ని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. వినగానే జూదంలా ఉంటుంది. కానీ జర్నైల్ పంజాబులో కాలేజీ రోజుల్లో ఆడింది ఫార్వర్డ్‌గానే. డిఫెండర్‌గా దేశమంతా పేరొచ్చాక ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఈయనకి గుర్తుంది. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచాం. జర్నైల్ ఒకటి కొట్టాడు, చునీ రెండు.

ఫైనల్ సెప్టెంబరు 4న. మళ్ళీ దక్షిణ కొరియా. స్టేడియంలో లక్ష మంది దాకా జనం, అందరూ మనకి వ్యతిరేకం. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్ళని ఇండోనేసియా రానివ్వలేదు, అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలు అనకూడదని మన దేశానికి చెందిన సోంధీ అనే క్రీడాధికారి అభ్యంతరం చెప్పడంతో ఊరంతా భగ్గుమంది. మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. ఫైనల్లో మన జాతీయ గీతం వస్తుంటే కేకలు పెట్టారు. ఆ జనంలో మనవాళ్ళకి చప్పట్లు కొట్టినవాళ్ళలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు ఉన్నారు. ఇది నాకు చాలా ఇష్టమైన వివరం, ఎక్కడో ఒకచోట పెట్టకుండా ఉండలేకపోయాను.

ముందు రోజు రాత్రి నిద్ర పట్టక కొంతమంది ఆటగాళ్ళు బయట తిరుగుతుంటే రహీం కూడా బయటే కనిపించారట. రేపు నాకు ఈ బంగారు పతకం కానుకగా ఇవ్వండని వాళ్ళని అడిగారని ఆ ఆటగాళ్ళే తర్వాత ఎన్నోసార్లు చెప్పారు. సినిమా వాళ్ళకి ఇలాంటివి కావాలి. నాకు మాత్రం మర్నాడు ఆయన చేసిన మార్పు ఎక్కువ ఆసక్తిగా అనిపించింది. ఫ్లూ వచ్చి నీరసంగా ఉన్న పొడుగు గోల్‌కీపర్ థంగరాజ్‌ని, బాగానే ఆడుతున్న ప్రద్యుత్ బర్మన్ స్థానంలో ఫైనల్‌కి దింపారు. తలకి కట్టుతో జర్నైల్ మళ్ళీ ముందే. 17వ నిమిషంలో పీకే, 20వ నిమిషంలో జర్నైల్. రెండు గోల్సు. కొరియా 85వ నిమిషంలో ఒకటి కొట్టింది. మెల్‌బోర్న్‌లో పోయింది, రోమ్‌లో పోయింది, ఈసారి మిగిలిన ఐదు నిమిషాలూ మనవాళ్ళు వదల్లేదు. 2-1. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మనకి ఆ తర్వాత ఇంతవరకూ స్వర్ణం లేదు. 1970లో కాంస్యం, అంతే.

జకార్తా నుంచి వచ్చాక రహీం ఆరోగ్యం ఇంకా దిగజారింది. మంచం పట్టారు. 1963 జూన్ 11న హైదరాబాదులో చనిపోయారు. యాభై మూడేళ్ళు. ఆయన మీద సినిమా 2024లో వచ్చింది, అజయ్ దేవగన్ వేశాడు. అరవై ఏళ్ళు పట్టింది. ఇంజనీరింగ్ కాలేజీలో ఫుట్‌బాల్ ఆడే నాకే, ఉస్మానియా పక్కన తిరిగిన ఒక పంతులు ఇంత పని చేశాడని ఆ సినిమా దాకా తెలీదు.

ఇవన్నీ చదివి ఒక రోజు రాత్రి హాస్టల్లో మన టీము వాళ్ళకి చెప్తున్నాను. ఎడమ కాలి పోటీ గురించి చెప్తే అందరూ నవ్వారు, శనివారం మనం కూడా పెడదాం అన్నారు. రూపాయి గురించి చెప్తే మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. ఎందుకంటే మా అందరికీ ఒకడే గుర్తొచ్చాడు.

మనవాడే, సెకండియర్. భావనపాడు వైపు, చేపల వేటకెళ్ళే ఇల్లు. డే స్కాలరు. ఫస్టియర్లో మా టీములో అందరికంటే బాగా ఆడింది వాడే, అదీ ఎడమ వైపు. రెండు నెలలు ఆడి మానేశాడు. ఏటయిందిరా అని ఎవరూ అడగలేదు. ఇంట్రెస్టు లేదనుకున్నాం. నేను కూడా, వీడికి కాస్త పొగరులే అన్నాను ఒకసారి. ప్రాక్టీసు ఆరున్నరకి అయ్యేది. చీకటి పడ్డాక టెక్కలి నుంచి నౌపడ దాకా ఏదో ఒకటి దొరికినా, అక్కణ్ణుంచి ఉప్పు మడుల పక్కన రోడ్డు మీద వాడి ఊరికి ఆటో దొరకదు. దొరికితే సర్వీసు ఆటో కాదు, మొత్తం కట్టించుకోవాలి. ఇది వాడు చెప్పింది కాదు. పీడీ సారు అటెండెన్స్ రిజిస్టరు చూసి, వాడు ప్రాక్టీసుకి రావడం మానేసిన వారం ఏదో కనుక్కుని, ఆ వారమే మనం ప్రాక్టీసు టైము గంట వెనక్కి జరిపామని చెప్తే అప్పుడు తెలిసింది. టైము జరపమని అడిగింది హాస్టలు వాళ్ళం మేమే. టీ తాగి రావాలని.

మర్నాడు వాడి క్లాసు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. వాడు మా మొహాల వంక చూసి, అన్నా నాకు ఆ పని పడదులే అన్నట్టు తల ఊపాడు. ఆటో సంగతి ఎత్తితే సిగ్గుపడ్డాడు, డబ్బులు వద్దన్నాడు. ప్రాక్టీసు మళ్ళీ నాలుగున్నరకే పెట్టాం, ఆరు లోపు వదిలేస్తాం అని చెప్పాం. దానికి ఏమీ అనలేదు. శనివారం ఎడమ కాలి మ్యాచ్ ఉంది రమ్మన్నాం. ఎడమ కాలి మ్యాచ్ ఏంటని అడిగాడు. చెప్పాం. నవ్వాడు.

శనివారం ఎవరు వచ్చారో ఎవరు రాలేదో లెక్కపెట్టుకుంటూ గ్రౌండులో నిలబడ్డాం. నాలుగున్నర దాటింది. వాడు పాలిథీన్ కవరులో బూట్లు పట్టుకుని గేటు దగ్గర కనిపించాడు. వాడిది ఎడమ కాలివాటం కాబట్టి ఆ రోజు కుడి కాలితో ఆడాల్సి వచ్చింది. మొదటి పది నిమిషాల్లో మూడు సార్లు పడ్డాడు. నేను ఐదు సార్లు.